మన చెరువులలో కొర్రమట్ట

మృగశిర కార్తె ప్రవేశించిన రోజున ఉత్తర తెలంగాణములోని మాంసాహారుల ఇండ్లలో చేపల కూర వండుకొనడం అనాదిగా వస్తున్న ఆచారం. జూన్ 7, 8 తేదీలలో వచ్చే ఈ దినాన కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాల అంగళ్లలో చేపలకు గిరాకీ ఎక్కువ. రవ్వ, బొచ్చె మంచుగడ్డలపై పరచి ఉంటాయి. కొర్రమట్ట మాత్రం కొద్దిపాటి నీళ్లున్న తొట్టిలో బతికే ఉంటుంది. దాని వెల తక్కిన చేపల వెలకంటె చాల హెచ్చు. కొర్రమీను, బొమ్మె అని కూడ దీనిని పిలుస్తారు. తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్రపు చేపగా ప్రకటించినది.

ఇంత గౌరవం పొందిన ఈ చేపనే, కొన్ని దశాబ్దాల క్రితం చెరువులకు శత్రువని చెప్పి మందు వేసి చంపవలెనని చేపల పెంపకం పాఠాలు బోధించినవి. ఈ మార్పు ఎట్లు వచ్చినదో తెలుసుకొనవలెనంటే, ముందు మన చెరువుల స్వభావం తెలుసుకోవాలి.

కరీంనగర్ ప్రాంతం గొలుసుకట్టు చెరువులకు పేరుపడినది. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. గోదావరికి ఉత్తరాన ఉన్న ఆదిలాబాద్ సీమలో అడవులు, గుట్టలు ఎక్కువ. అక్కడ వాగులు, కుంటలే ప్రధానం. ఈ చెరువులలో అనేకం లోతు తక్కువైనవి. కట్టవద్ద నీరు లోతుగా ఉన్నా, శిఖం వైపు పోయినకొద్దీ మోకాలి లోతే ఉంటుంది. ఎండ అడుగుదాక తగులుతుంది గనుక అక్కడ తుంగ, జమ్ము, తామర, నాచు దట్టంగా పెరుగుతాయి. రాత్రివేళ మొక్కలు కిరణజన్య సంయోగక్రియను ఆపి, శ్వాసక్రియను మాత్రం సాగిస్తాయి. కుళ్లుతున్న ఆకులు కూడ ప్రాణవాయువును హరిస్తాయి. కావున తెల్లవారేసరికి నాచులోని నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. సాధారణమైన చేపలకు అది ఊపిరాడని చోటు.

కొర్రమట్ట అక్కడనే కాపురం పెట్టినది. దాని మొప్పలకు పైభాగాన, తలలో, రక్తనాళాలతో నిండిన రెండు గదులున్నవి. చేప నీటిపైకి వచ్చి గుటకవేసిన గాలి ఈ గదులలో చేరి, అందలి ప్రాణవాయువు రక్తంలో కలుస్తుంది. మొప్పలు మాత్రమే దానికి చాలవు. నీటిపైకి రానీయక అడ్డగించినచో మంచినీటిలో సైతం అది చచ్చిపోతుంది. తడి ఆరనంతవరకు గట్టుమీద కూడ బతుకుతుంది. అంగడిలో తొట్టెడు నీళ్లలో అది గంటల తరబడి బతికి ఉండడానికి కారణమిదే.

దాని జీవితం ఋతువులను అనుసరించి నడుస్తుంది. ఎండాకాలంలో చెరువు ఎండుతుంటే మిగిలిన మడుగులలో చేరుతుంది. అదికూడ ఎండితే తడిబురదలో దాగుకొని వానలకై ఎదురుచూస్తుంది. తొలకరిలో చెరువులోనికి కొత్తనీరు రాగానే శిఖంవైపు ఎదురెక్కుతుంది. ఒక్కొక్కప్పుడు తడిసిన గడ్డిమీదుగా పాకుతూ ఒక నీటినుండి మరొక నీటికి పోతుంది. అక్కడ ఆడ, మగ కలిసి కలుపుమొక్కల నడుమ గుండ్రని చోటును శుభ్రంచేసి గ్రుడ్లు పెడతాయి. పసుపు వన్నెగల ఆ గ్రుడ్లు నీటిపై తేలి, ఒకటి రెండు రోజులలో పిల్లలవుతాయి. ఎర్రని చిన్న పిల్లలు వందల కొలది గుంపుగా తిరుగుతూ గాలికై నీటిపైకి వచ్చిపోతుంటాయి. తల్లిదండ్రులు, ముఖ్యంగా మగచేప, సుమారు ఒక నెలపాటు ఆ గుంపును వెన్నంటి కాపాడుతాయి. ఆ తరువాత పిల్లలు ఎవరి దారి అవి చూచుకొని, నాచు మాటున పొంచి కప్పలను, చిన్న చేపలను పట్టి తింటూ పెరుగుతాయి.

బెస్తవారు, ముదిరాజులు ఈ సంగతులను పుస్తకాలు లేకుండానే ఎరుగుదురు. నీరు తగ్గిన ఎండాకాలంలో అడుగులేని వెదురు బుట్టను బురదనీటిలో బోర్లించి, పైనున్న కంతలో చేయి పెట్టి కొర్రమట్టను పట్టేవారు. నిండు చెరువులో నాచు వలను సాగనీయదు గనుక గాలానికి బతికిన కప్పను గుచ్చి నాచు సందులలో ఆడించేవారు.

చేపల వేటను గురించిన వ్రాత మన దక్కనులో చాల పాతది. కల్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో, సుమారు 1129లో, సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే ప్రకరణమున్నది. చేపల జాతులు, వాటికి వేయవలసిన ఎరలు, గాలపు వేట పద్ధతులు అందులో వివరింపబడినవి. అప్పటికి మన ప్రాంతం ఆ చాళుక్యుల సామంతుల ఏలుబడిలోనే ఉండేది. భారత జంతుశాస్త్ర సర్వే సంస్థకు అధిపతిగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణాన్ని పరిశీలించి వ్యాసం ప్రకటించినారు.

ఆధునిక శాస్త్రంలో కొర్రమట్టకు పేరు పెట్టినవాడు జర్మను వైద్యుడు మార్కస్ బ్లాక్, అది 1793లో. నేడు దాని శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండి తరువాత భారతదేశపు చేపల శాఖకు అధికారియైన ఫ్రాన్సిస్ డే, 1875-78 సంవత్సరాల నడుమ వెలువరించిన గ్రంథంలో మన చేపలను సచిత్రంగా వర్ణించినాడు. 1940-50 దశాబ్దంలో హైదరాబాదు సంస్థానపు చేపల సర్వే వ్యాసాలు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వచ్చినవి. మన పొరుగు జిల్లా నిజామాబాదు చేపలు ఆ సర్వేలో చేరినవి.

ఇంతలో ఒక గొప్ప మార్పు వచ్చినది. బొచ్చె, రవ్వ, మోసు ప్రవహించే నదీజలంలోనే గ్రుడ్లు పెడతాయి. నిలిచిన చెరువులో పెరుగుతాయేగాని సంతానం కనవు. కావున వాటి పిల్లలను నదులనుండి ఏరి తేవలసి ఉండేది. 1957 జూలై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రజ్ఞులు పీయూషగ్రంథి రసాన్ని ఎక్కించి ఈ జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించగలిగినారు. దేశమంతటా చేపల ఉత్పత్తి పెరగడానికి ఈ ప్రయోగమే పునాది. ఆ తేదీనే నేడు జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నాము. ఆ తరువాతి కాలంలో కడెం, పోచంపాడు, దిగువ మానేరు జలాశయాలు మన ప్రాంతంలో విశాలమైన లోతునీటిని కల్పించినవి. అవి బొచ్చె, రవ్వలకు అనుకూలం.

అయితే కొత్త పద్ధతిలో కొర్రమట్టకు చోటులేకపోయింది. చెరువులో విడిచిన పిల్లలను అది తింటుంది. కావున పిల్లలను విడవడానికి ముందు ఇప్పచెక్కను హెక్టారుకు 2,500 కిలోల వరకు నీటిలో కలపవలెనని సలహా ఇచ్చినారు. ఇప్పగింజలనుండి నూనె తీయగా మిగిలిన పిండే ఇప్పచెక్క. దానిలోని సాపోనిన్ అనే పదార్థం చేప రక్తంలోని ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. గాలి పీల్చగలిగినా రక్తమే పనిచేయనప్పుడు చేపకు ప్రయోజనమేమి? ఆదిలాబాద్ అడవుల ప్రజలకు ఆహారమిచ్చే ఇప్పచెట్టునుండి వచ్చిన పదార్థమే మన చెరువుల చేపకు మృత్యువైనది. దానితోపాటు నాచును, తుంగను కూడ తీసివేయమన్నారు. పెంపకపు గుంటలలో ఇది సరియైన పద్ధతియే. కాని ఊరి చెరువు కేవలం పెంపకపు గుంట కాదు.

1988లో ఈశాన్య భారతంలో కనిపించిన పుండ్ల తెగులు తరువాతి సంవత్సరాలలో దేశమంతటా వ్యాపించి కొర్రమట్టలను విశేషంగా బాధించినది. బూజువంటి ఒక సూక్ష్మజీవి దీనికి కారణం. శరీరంపై ఎర్రని పుండ్లు లేచి చేప చనిపోతుంది.

2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా ఉన్న చెరువులను పునరుద్ధరించే మిషన్ కాకతీయ పథకాన్ని ప్రారంభించినది. 2016 నుండి చేపపిల్లలను ఉచితంగా పంపిణీ చేయడం మొదలైనది. పూడిక తీసిన చెరువులో నీరు ఎక్కువ నిలుస్తుంది, పూడికమట్టి పొలాలకు సారమిస్తుంది. ఇవి మంచి పనులు. అయితే ఒక విషయం గమనింపదగినది. బొచ్చె, రవ్వ పిల్లలను ఏటేటా తెచ్చి విడవాలి. కొర్రమట్ట మాత్రం ఎవరూ విడవకుండానే ఆ చెరువులోనే సంతానాన్ని పెంచుకుంటుంది. అందుకు దానికి కావలసినది శిఖం అంచున కొంత నాచు, తొలకరి తరువాత ఒక నెల శాంతి.

ఆ శాంతియే ఇప్పుడు కరవైనది. ఎర్రపిల్లల గుంపు కనబడినచోట తల్లిదండ్రులుంటాయని వేటగాండ్రకు తెలుసును. గాలపు కప్పను ఆ గుంపులో వేయగానే చేప దానిని పట్టుకుంటుంది. ఆకలివలన కాదు, పిల్లలకు శత్రువు వచ్చినదనే కోపంవలన. ఆ చేప పోగానే తక్కిన చేపలు, పాములు, కొంగలు ఆ పిల్లలను తినివేస్తాయి. పట్టుబడినది ఒక్క చేపయే. నష్టపోయినది ఒక తరం.

ఈ సమస్య మనకు మాత్రమే వచ్చినది కాదు. ఉత్తర అమెరికాలో నాచు నిండిన లోతులేని సరస్సులలో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్దనోటి చేప ఉన్నది. అది కూడ కలుపు మాటున పొంచి వేటాడుతుంది. వసంతంలో నీరు వెచ్చబడగానే మగచేప గూడు తీర్చి, గ్రుడ్లను పిల్లలను కాస్తుంది. మన చేపకు వానలు ఎట్టివో దానికి నీటి వెచ్చదనం అట్టిది. గూటినుండి మగచేపను తొలగిస్తే ఇతర చేపలు వెంటనే వచ్చి గ్రుడ్లను తింటాయని అక్కడి శాస్త్రజ్ఞులు గమనించినారు. కావుననే కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో పలు సరస్సులయందు జూన్ చివరి వారాలవరకు బాస్ వేటను నిషేధిస్తారు. ఆ చేపను పట్టడమంటే అక్కడి ప్రజలకు ఎంతో ప్రీతి. ఆ ప్రీతి నిలవడానికే కొన్ని వారాలు ఓపిక పడుతున్నారు.

మన మృగశిర ఆచారమూ, కొర్రమట్ట సంతానకాలమూ ఒకే తొలకరిలో ప్రారంభమవుతాయి. ఆచారాన్ని మానుకోవలసిన పనిలేదు. ఆ రోజున పెంపకపు చేపలు కావలసినన్ని దొరుకుతాయి. కోరదగినది రెండే విషయాలు. చెరువు అంచున ఒక భాగంలో తుంగను, నాచును ఉండనీయాలి. ఎర్రపిల్లల గుంపు ఉన్నచోట నెలరోజులు గాలం వేయరాదు. చెరువుపై హక్కుగల మత్స్యకారుల సహకార సంఘాలు తలచుకొంటే ఇది కష్టమైన పనికాదు. వచ్చే ఏటి చేపలు కూడ వారివేకదా!

ఉపాధ్యాయులు జూలై, ఆగస్టు నెలలలో విద్యార్థులను ఊరి చెరువుకు తీసుకొనిపోయి చూపవచ్చును. గట్టుపై నిలిచి కదలక చూస్తే, నాచు సందున నీరు చిన్నగా కదిలి ఎర్రని చుక్కలు పైకి తేలి మునుగుతాయి. వాటిక్రింద కనబడకుండా ఒక పెద్ద చేప తిరుగుతుంటుంది. ఏ తేదీన, ఏ మూలన గుంపు కనబడినదో నోటుపుస్తకంలో ఏటేటా వ్రాసి ఉంచితే, పదేండ్లలో ఆ ఊరి చెరువుకు ఒక చరిత్ర తయారవుతుంది.