మొదటిసారి పిస్టల్ కొనాలనుకుంటున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

బాన్సువాడ: రాత్రిపూట నగదుతో తిరగాల్సి వస్తుందనో, పొలం దగ్గర ఒంటరి ఇల్లనో కొందరు పిస్టల్ గురించి అడుగుతుంటారు. డబ్బుంటే దుకాణానికి పోయి తెచ్చుకునే వస్తువు కాదిది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. 'ఫలానా ఆయన తక్కువకు ఇప్పిస్తాడట' అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. కామారెడ్డి జిల్లాలో లైసెన్స్ ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. ఏ-1 ఫారం ఇచ్చాక పోలీసు విచారణ జరుగుతుంది. ప్రాణభయం ఉందని రాస్తే, గతంలో ఇచ్చిన ఫిర్యాదుల కాపీలు జతచేయండి. కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు 5 ఏళ్లు. మామూలు పౌరులకు దొరికేది .32 బోర్, 9 ఎం.ఎం. నిషిద్ధ బోర్.

2016 నిబంధనల ప్రకారం శిక్షణ సర్టిఫికెట్, అంటే ఎస్-1 ఫారం, కావాలి. కాగితం కోసమే పోయి రాకండి, చేత్తో నేర్చుకోండి. రివాల్వర్‌లో సిలిండర్ తెరిస్తే తూటాలు కళ్లకు కనిపిస్తాయి. పిస్టల్ అలా కాదు. మ్యాగజైన్ తీసేసినా ఒక తూటా ఛాంబర్‌లోనే ఉండిపోవచ్చు. 'ఖాళీదే' అనుకుని ట్రిగ్గర్ నొక్కినప్పుడు ప్రాణాలు పోయేది ఇక్కడే. అందుకే స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి చూడాలి. చూశాక కూడా మనుషుల వైపు గురిపెట్టకూడదు, కాల్చే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. కొత్తవాళ్లకు రివాల్వరే నయమని నా అభిప్రాయం.

హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేది తీసుకోండి. శిక్షణలో కాల్చేటప్పుడు చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇంట్లో తోలు హోల్‌స్టర్‌లోనే వదిలేస్తే వానాకాలం తేమకు తుప్పు పడుతుంది. తుడిచి, పల్చగా గన్ ఆయిల్ రాసి పెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం తాళం. మన ఇళ్లలో అన్నదమ్ముల పిల్లలంతా ఒకేచోట ఆడుకుంటారు. బీరువాలో బట్టల కింద దాచితే వాళ్లకు తెలియదనుకోవద్దు. ఇనుప పెట్టె గోడకు బిగించి, తూటాలు వేరే తాళంలో ఉంచి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.

షాదీలో, బారాత్‌లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది కదా.

ఎన్నికల కోడ్ వస్తే ఆయుధం పోలీస్ స్టేషన్‌లో అప్పగించమని చెప్పవచ్చు. అప్పుడు రసీదు అడిగి తీసుకోండి.