రాయలవారి సాము, మా మేనల్లుడి నాలుగు నిమిషాలు

ఈ టపా వ్యాయామం గురించి. పద్మసరోవరం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసివచ్చి, దానినే దేహపరిశ్రమగా లెక్క వేసుకునే నావంటివాడు ఈ విషయం ఎత్తుకోవడం చూసి నవ్వదలచినవారు నిస్సంకోచంగా నవ్వవచ్చు. ఇందుకు కారకుడు మా మేనల్లుడు.

తిరుచానూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల మా అక్కగారిల్లు. ఆమె కొడుకు పోలీసు కానిస్టేబులు కావాలని మూడేళ్ళుగా తంటాలు పడుతున్నాడు. రాతపరీక్ష వానికి లెక్కలోనిది కాదు. అడ్డు తగులుతున్నది 1600 మీటర్ల పరుగు. దానిని 8 నిమిషాలలో ముగించాలి. కిందటిసారి వానికి 8 నిమిషాల 14 సెకన్లు పట్టింది. ఆ పద్నాలుగు సెకన్లు మా అక్క ఇంట్లో ఒక మనిషిలాగా తిరుగుతున్నాయి. వయోపరిమితి దగ్గరపడింది, మిగిలినది ఒక్క అవకాశం.

ఈసారి వాడు సెల్‌ఫోనులో ఒక ప్రణాళికను పట్టుకొచ్చాడు. ఇరవై సెకన్లు ప్రాణం పోయేటట్లు శ్రమించడం, పది సెకన్లు ఆగడం, ఇట్లా ఎనిమిదిసార్లు. మొత్తం నాలుగు నిమిషాలు. ఆరు వారాలలో మనిషి మారిపోతాడట. "ఒలింపిక్సు వాళ్ళు చేసేది ఇదే మామా" అన్నాడు. నాలుగు నిమిషాలకే అంత ఫలమైతే ఎనిమిది నిమిషాలకు రెట్టింపు కాదా అని, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మిద్దెమీద ఎగిరి ఎగిరి బస్కీలు తీశాడు. మూడో వారానికి పిక్క ముందరి ఎముక వెంట నొప్పి మొదలై మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకోవలసి వచ్చింది. అప్పుడు నా దగ్గరికి వచ్చి ఇంకొక పద్నాలుగు రకాల ప్రణాళికలు చూపించి, "పుస్తకాలు చదువుతావు గదా మామా, వీటిలో ఏది మంచిదో నువ్వే చెప్పు" అన్నాడు.

నాకు వ్యాయామం తెలియదు, చరిత్ర కొంచెం తెలుసు. తెలిసిన దారినే వెళ్ళాను.

మన ప్రాంతాన్ని ఏలిన ఒక మనిషి ఏ వ్యాయామం, ఏ వరుసలో చేసేవాడో కళ్ళకు కట్టినట్లు చెప్పిన రచన ఒకటి ఉంది. సుమారు 1520లో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్ రాసిపెట్టినది. 1900లో రాబర్ట్ సూయల్ దానిని ఇంగ్లీషులో అచ్చువేయించాడు. పాయెస్ చెప్పిన ప్రకారం శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే లేచి ముప్పావు పైంటు, అంటే నాలుగు వందల మిల్లీలీటర్లకు పైగా, నువ్వులనూనె తాగేవాడు. అదే నూనె ఒంటికంతా పట్టించుకుని, చిన్న గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడు. తరువాత కత్తిసాము. పట్టించిన నూనె అంతా చెమటతో బయటికి వచ్చేవరకూ అది ఆగదు. ఆ తరువాత తన మల్లులలో ఒకనితో కుస్తీ. అది ముగిసినాక గుర్రమెక్కి తెల్లవారేవరకూ మైదానంలో అటూ ఇటూ దౌడు. స్నానం, పూజ, రాచకార్యాలు ఆ పైన.

ఈ మనిషి విగ్రహం తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచి ఉంటుంది. వెయ్యిసార్లు చూసివుంటాను, ఆ భుజాలు ఎందుకు అట్లా ఉన్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు. పాయెస్ ఆయనను మధ్యస్థమైన ఎత్తు అని, సన్నం కంటే లావువైపే ఒగ్గు అని, ముఖం మీద మశూచి మచ్చలున్నాయని కూడా చెప్పాడు. మనం సినిమాలలో చూసిన రాయలు కాదు.

నన్ను ఆకట్టుకున్నది నూనె కొలత కాదు. (మా మేనల్లునికి మాత్రం అదే నచ్చింది, వాళ్ళమ్మకు చెప్పవద్దని బతిమాలవలసి వచ్చింది.) ఆ వరుసను చూడండి. బరువు, కత్తి, కుస్తీ, గుర్రం: నాలుగూ యుద్ధంలో రాజుకు పనికివచ్చేవే. అలంకారానికి పెట్టుకున్నది ఒక్కటీ లేదు. ఎక్కడ ఆపాలో చెప్పేందుకు గడియారం లేదు, చెమట ఉంది.

ఒంటి గుర్తును బట్టి ఆపడమనేది రాయలనాటికే పాత మాట. సుశ్రుతుడు వ్యాయామాన్ని ఎవరి బలంలో వారు సగం మేరకే చేయాలని విధించి, ఆ సగం ఎక్కడో కూడా చెప్పాడు: గుండెలోని ఊపిరి నోటిదాకా ఎగదన్ని వచ్చినప్పుడు. మీరితే దగ్గు, జ్వరం మొదలు క్షయ వరకూ ఒక జాబితా చదివాడు. సగం బలమంటే మెత్తని మాటగా వినిపిస్తుంది గాని, నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చే స్థితి చిన్న శ్రమ కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసంలో మల్లుల సాధనకు ఏకంగా ఒక ప్రకరణమే ఉంది. బరువులెత్తడం, నడక, ఈత, స్తంభం మీద సాధన అన్నీ వేరువేరు శ్రమలుగా అందులో చెప్పబడ్డాయి. ఒకే కసరత్తు అన్నిటికీ సరిపోదని పన్నెండవ శతాబ్దంలోనే గ్రహించారన్నమాట.

మన కాలానికి దగ్గరగా వస్తే, తెలుగువాడు కసరత్తు అనగానే కోడి రామమూర్తి నాయుడు గుర్తుకు రాక మానడు. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వ్యాయామోపాధ్యాయుడై, ఆపైన సర్కసు పెట్టి దేశదేశాలు తిరిగాడు. రొమ్ముకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచడం, రెండు కార్లను రెండు చేతులతో ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రదర్శనలు. ప్రాణాయామమే తన బలానికి మూలమని చెప్పుకున్న శాకాహారి. 1942లో మరణించాడు. చిన్నప్పుడు ఆయన కథ విని నేనూ నాలుగురోజులు దండీలు తీశాను. మా మేనల్లుడు చూపిన పద్నాలుగు ప్రణాళికలలో సగానికి పైగా ఈ దారిలోనివే. గొలుసు తెంచేవారు కావచ్చు, కండలు పొంగించేవారు కావచ్చు, 1600 మీటర్ల పరుగులో సెకన్లు తగ్గించేవారు మాత్రం కారు. అందుచేత వాటిని నమస్కరించి పక్కన పెట్టాము.

పరుగుకు పనికివచ్చే చరిత్ర జర్మనీలో దొరికింది. ఫ్రైబర్గులో 1930లలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైండెల్ అనే హృద్రోగ వైద్యుడు కలిసి పనిచేశారు. వేగంగా కొంతదూరం పరుగెత్తించి గుండెను నిమిషానికి 180 దాకా కొట్టుకోనిచ్చి, ఆపి, 90 సెకన్లలోగా అది 120 దగ్గరికి దిగుతుందా అని చూడడం వారి పద్ధతి. దిగితే మళ్ళీ పరుగు. దిగకపోతే పరుగు మరీ తీవ్రమైనదనో మరీ పొడుగైనదనో లెక్క. గుండె బలపడేది పరుగులో కాదు, ఆ నడుమ విరామంలోనే అని వారి నమ్మకం. ఇంటర్వెల్ శిక్షణ అన్న పేరే ఆ విరామాన్ని బట్టి వచ్చింది. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తాడు. ఆ రికార్డును 1955 దాకా ఎవరూ చెరపలేదు. హార్బిగ్ మాత్రం 1944లోనే రష్యా యుద్ధరంగంలో చనిపోయాడు. ముప్ఫై ఏళ్ళు.

చెకొస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ ఇదే పద్ధతిని అతిశయింపజేసి, బరువైన సైనికుల బూట్లతో రోజుకు పదులసార్లు 400 మీటర్లు పరుగెత్తి, 1952 హెల్సింకీలో 5000, 10000, మారథాన్ మూడూ గెలిచాడు. అందరూ జాటోపెక్‌లు కారు గనుక ఆయన్ని ఇంతటితో వదిలేస్తాను.

రోజర్ బానిస్టర్ కథ మా పనికి మరింత దగ్గరిది. వైద్య విద్యార్థి, సాధనకు తీరిక తక్కువ. 440 గజాలు పదిసార్లు, నడుమ రెండేసి నిమిషాల విరామం, ఇదే అతని ప్రధాన సాధన. ఒక్కొక్కటీ 60 సెకన్లకు దించాలని ప్రయత్నం. 1954 వసంతంలో 61 దగ్గర ఆగిపోయాడు. ఎంత గింజుకున్నా దిగలేదు. అప్పుడు సాధన మానేసి, స్నేహితునితో స్కాట్లండు వెళ్ళి కొన్నాళ్ళు కొండరాళ్ళు ఎక్కి తిరిగివచ్చాడు. వచ్చి పరుగెత్తితే 59 వచ్చింది. ఆ మే 6న ఆక్స్‌ఫర్డులో మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో ముగించాడు. ఈ కథ చెప్పినప్పుడు మావాడు మొదటిసారి సెల్‌ఫోను పక్కన పెట్టి విన్నాడు.

ఇక వాడు నమ్ముకున్న ఆ నాలుగు నిమిషాలు. వాటి పేరు టాబాటా. జపాను పరిశోధకుడు ఇజుమి టాబాటా 1996లో ప్రచురించిన పరిశోధన అది. పద్ధతి ఆయన కనిపెట్టినదీ కాదు, జపాను స్పీడ్ స్కేటింగు జట్టు శిక్షకుడు ఇరిసావా అప్పటికే వాడుతున్నది. అది ఎందుకు పనిచేస్తుందో టాబాటా కొలిచాడు. ఒక జట్టు రోజుకు గంటసేపు మధ్యస్థంగా, వారానికి ఐదురోజులు, ఆరు వారాలు. రెండో జట్టు ఇరవై-పది పద్ధతిలో. ఒక్కొక్క జట్టులో ఏడుగురు యువకులు. ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠశక్తి మొదటి జట్టుకు కిలోకు నిమిషానికి సుమారు 5 మిల్లీలీటర్లు పెరిగింది, రెండో జట్టుకు 7. ప్రాణవాయువు చాలనప్పుడు కూడా శ్రమించగల శక్తి మొదటి జట్టులో కదలలేదు, రెండో జట్టులో 28 శాతం పెరిగింది. గొప్ప ఫలితమే, కాదనను.

అయితే సెల్‌ఫోను ప్రణాళిక చెప్పని సంగతులు ఆ పరిశోధనలోనే ఉన్నాయి. వాళ్ళు శ్రమించినది కదలని సైకిలు మీద. పాదం నేలను తాకదు, ఎముకకు దెబ్బ తగలదు. మావాడు సిమెంటు మిద్దెమీద ఎగిరాడు. వాళ్ళు ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకున్నారు. ఏడు ఎనిమిది విడతలకు ఇక తొక్కలేని స్థితికి వచ్చేటంత తీవ్రత అది, దానిని రోజుకు రెండుసార్లు ఎవరూ చేయలేదు. పైగా వారానికి ఒకరోజు అరగంట మధ్యస్థమైన సాధన, దానికి తోడు నాలుగు విడతలు మాత్రమే. వ్యాయామవిద్య చదువుతున్న పిల్లలు వాళ్ళు. నా మేనల్లుడు మూడేళ్ళుగా కుర్చీలో కూర్చుని జనరల్ నాలెడ్జి బట్టీ పట్టినవాడు. నేను ముందే అడిగివుంటే ఆ మూడు వారాలు మిగిలేవి. మిద్దెమీద దబదబ చప్పుడు నాకూ వినిపించింది, పిల్లవాడు శ్రద్ధగా చేస్తున్నాడని మురిసిపోయి ఊరుకున్నాను.

డాక్టరు మూడు వారాలు పరుగు వద్దన్నాడు. ఆ మూడు వారాలూ సైకిలు తొక్కించాను. అలిపిరి మెట్లు ఎక్కుతానని వాడు పట్టుబట్టాడు. 3550 మెట్లు, గాలిగోపురం దాకా నిలువుగా, తరువాత చాలాదూరం చదునుగా, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిలువుగా. కొండ తనంతట తానే విరామాలు అమర్చిపెట్టింది. నొప్పి పూర్తిగా తగ్గినాక వారానికి ఒకసారి ఎక్కడానికి ఒప్పుకున్నాను, బస్సులో దిగిరావాలన్న షరతు మీద. దిగుడులోనే ఎముకకు దెబ్బ ఎక్కువ.

పరుగుకు మాత్రం గెర్ష్లర్ పద్ధతినే ఎంచుకున్నాము. వారానికి రెండురోజులు కఠినం, మధ్యరోజులలో మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగేటంత నెమ్మది, ఒకరోజు పూర్తి విశ్రాంతి. 8 నిమిషాలంటే 400 మీటర్లకు 2 నిమిషాలు. కనుక 1 నిమిషం 50 సెకన్లలో 400 మీటర్లు, ఐదుసార్లు. స్వర్ణముఖి ఒడ్డున గట్టినేల మీద గుర్తులు పెట్టాము. విరామంలో వాని మణికట్టు నా చేతిలో ఉంటుంది. పదిహేను సెకన్లకు 45 దెబ్బలంటే 180, 30 అంటే 120. ముప్ఫైకి దిగేవరకు కదలనివ్వను. మొదటిరోజు నాలుగోసారికి రెండు నిమిషాలైనా దిగలేదు, ఇంటికి పొమ్మన్నాను. వాడు గొణిగాడు. కార్తిక బ్రహ్మోత్సవాలలో అమ్మవారి వాహనం మోసేవాళ్ళను చూపించాను. అంత బరువు భుజాన ఉన్నా, హారతికి ఆగిన ప్రతిచోటా వాళ్ళు ఊపిరి ఎట్లా కూడదీసుకుంటున్నారో చూడమన్నాను. వాడు వాళ్ళను చూశాడో, ప్రసాదాన్ని చూశాడో చెప్పలేను.

మొన్న ఆదివారం నాలుగు చుట్లూ కలిపి కాలం కొలిచాను. 7 నిమిషాల 51 సెకన్లు. మా అక్కకు చెబితే "పరీక్షనాడు గదా చూడాల్సింది" అంది. పరీక్ష తేదీ ఇంకా ప్రకటించలేదు. రేపు మంగళవారం కఠినమైన రోజు, అయిదింటికి లేవాలి.