తాబేలు వంశం వాళ్ల ఊరి చెత్తగుట్ట

మా మన్యంలో ఇంటిపేరు చెబితే వంశం తెలిసిపోతుంది. కిల్లో అంటే పులి, వంతల అంటే పాము, పాంగి అంటే గద్ద. అమెరికాలోని మొహాక్ ఆదివాసులకూ ఇలాంటి వంశాలే ఉన్నాయి. తాబేలు, తోడేలు, ఎలుగుబంటి అని మూడు. వాళ్లకు వంశం తల్లి నుంచి వస్తుంది. భూమి తాబేలు వీపు మీద నిలిచిందని వాళ్ల పెద్దలు చెప్పే కథ. తమ ఊరి పక్కన ఉన్న ఒక చెత్తగుట్ట సంగతి వాళ్లకు బాగా తెలిసివచ్చిందీ తాబేలు వల్లనే. ఆ చరిత్ర మనవాళ్లకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

వాళ్ల నేల పేరు అక్వెసాస్నే. అడవిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ డప్పులా మోగించే చోటు అని ఆ మాటకు అర్థం. సెయింట్ లారెన్స్ అనే పెద్ద నది ఒడ్డున, కొంత అమెరికాలో, కొంత కెనడాలో ఉంటుంది. వాళ్లు గీయని సరిహద్దు వాళ్ల ఊరి మధ్య నుంచి పోతుంది. చేపలు పట్టడం, పంట పండించడం, వేట, బుట్టలు అల్లడం వాళ్ల బతుకు.

1950లలో ఆ నది మీద పెద్ద ఆనకట్ట కట్టారు. 1958లో కరెంటు, 1959లో ఓడల దారి వచ్చాయి. చవక కరెంటు ఉన్నచోటికి ఫ్యాక్టరీలు వస్తాయి. పక్కనున్న మసీనా పట్నంలో అల్యూమినియం కంపెనీ అప్పటికే ఉంది. 1959లో జనరల్ మోటార్స్ కంపెనీ కార్ల భాగాలు పోతపోసే కర్మాగారం పెట్టింది. దాని ప్రహరీ దాటితే మొహాక్‌ల నేల.

పోతపోసే యంత్రాలలో వేడికి అంటుకోని నూనె కావాలి. అందుకోసం పీసీబీ అనే రసాయనాలు కలిసిన నూనె వాడారు. వాడగా మిగిలిన మడ్డిని గుంటలలో పోశారు, ఫ్యాక్టరీ ఆవరణలోనే పూడ్చారు. అలా పోగైన గుట్ట మొహాక్‌ల సరిహద్దును ఆనుకుని పెరిగింది. అడుగున పొర లేదు, ఊరే మురికిని పట్టే కాలువ లేదు.

పీసీబీ గుణం తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమవుతుంది. అది కుళ్లదు. నీళ్లలో సరిగా కరగదు. బురదను పట్టుకుంటుంది, కొవ్వును పట్టుకుంటుంది. బురదలో పురుగు తింటుంది, పురుగును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటాయి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ విషం చిక్కబడుతుంది. ఎక్కువకాలం బతికే తాబేలు ఒంట్లో బాగా పేరుకుంటుంది. చేప తిన్న మనిషి ఒంట్లోనూ అంతే. ఈ రసాయనాల తయారీని అమెరికా 1979లో నిషేధించింది. అప్పటికే పూడ్చినది మాత్రం పూడ్చినచోటే ఉంది.

1980లలో న్యూయార్క్ రాష్ట్ర వన్యప్రాణి వ్యాధుల నిపుణుడు వార్డ్ స్టోన్ అక్కడి జంతువులను పరీక్షించాడు. అమెరికా చట్టంలో పది లక్షల పాళ్లకు 50 పాళ్లు పీసీబీ ఉన్న సరుకును ప్రమాదకర వ్యర్థంగా చూడాలి. ఆ కడవలో దొరికిన తాబేలు కొవ్వులో అంతకు ఎన్నో రెట్లు ఉంది. అంటే, చట్టం ప్రకారం ఆ తాబేలు కళేబరాన్నే విషవ్యర్థంగా పారెయ్యాలి. తాబేలు వంశం వాళ్లకు ఈ మాట ఎలా వినిపించి ఉంటుందో మనం ఊహించుకోగలం.

ఆ స్థలాన్ని 1984లో అమెరికా ప్రభుత్వం దేశంలో తప్పక శుభ్రం చెయ్యాల్సిన విషస్థలాల జాబితాలో చేర్చింది. ఈలోగా అధికారులు ఇచ్చిన సలహా ఒకటే. చేపలు తినకండి, ముఖ్యంగా గర్భిణులు, బాలింతలు.

అప్పుడు కాట్సి కుక్ అనే మొహాక్ మంత్రసాని తల్లుల తరఫున ఒక ప్రశ్న వేసింది. మా పాలలో ఎంత విషం ఉంది? బిడ్డకు పాలివ్వవచ్చా? ఆమె ఊరి ఆడవాళ్లను కూడగట్టి తల్లిపాల పథకం మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలను పిలిచింది. కానీ షరతు పెట్టింది. పరీక్ష మా మీద కాదు, మాతో కలిసి జరగాలి. మొహాక్ ఆడవాళ్లే శిక్షణ పొంది ఇంటింటికీ వెళ్లి నమూనాలు సేకరించారు. 1986 నుంచి 1992 దాకా 97 మంది మొహాక్ తల్లుల పాలను, దూరపు ప్రాంతాలలోని 154 మంది తల్లుల పాలతో పోల్చారు. మొదటి ఏళ్లలో మొహాక్ తల్లుల పాలలో పీసీబీ ఎక్కువగా కనబడింది. తర్వాతి ఏళ్లలో తేడా పోయింది. తల్లులు నది చేపలు తినడం మానేశారు కనుక. పాలివ్వడం మానొద్దనీ, పాలిచ్చే తల్లిని కాపాడాలనీ కాట్సి కుక్ చెబుతూ వచ్చింది.

ఇది శుభవార్తే. కానీ ఆ పాలు శుభ్రమవడానికి ఖర్చు ఎవరు పెట్టారో చూడాలి. విషం పోసింది కంపెనీ, ఆహారం మానుకున్నది తల్లులు. చేపలకు బదులు కొనుక్కున్న తిండి వచ్చింది. వల విసరడం మానేసిన తండ్రి కొడుకును నదికి తీసుకెళ్లడం మానేస్తాడు. వల ముడులకు, చేపల రకాలకు, నది మలుపులకు ఉన్న మాటలు ఇంట్లో వినబడవు. మేము బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. చెరువు లేని ఊళ్లో పిల్లలకు చేపల పేర్లు నేర్పడం ఎంత కష్టమో మాకు తెలుసు.

శుభ్రం చెయ్యడంలోనూ కొలతల గొడవ వచ్చింది. ఎంత విషం మిగిలితే ఫర్వాలేదు? 1990లో ప్రభుత్వం చేసిన నిర్ణయంలో కంపెనీ మట్టికి పది లక్షలకు 10 పాళ్లు, మొహాక్‌ల మట్టికి 1 పాలు అని రెండు లెక్కలు పెట్టారు. తమ నేలకు గట్టి లెక్క కావాలని మొహాక్‌లు పట్టుబట్టడం వల్లే అది దక్కింది. 1995లో నది అడుగు బురద తవ్వారు. కానీ గుట్టనే ఎత్తుకుపోవాలన్న వాళ్ల కోరిక తీరలేదు. దాని మీద మూత వేశారు, అంతే. 2009లో కంపెనీ దివాలా తీసింది, కర్మాగారం మూతపడింది. స్థలం 2011లో ఒక ట్రస్టు చేతికి పోయింది. విషం కంటే ముందు కంపెనీ వెళ్లిపోయింది.

2013లో పక్కనున్న అల్యూమినియం కంపెనీలతో సుమారు 1 కోటి 94 లక్షల డాలర్ల పరిహార ఒప్పందం కుదిరింది. అందులో సుమారు 84 లక్షలను మొహాక్‌లు తమ సంస్కృతి కోసం పెట్టుకున్నారు. పెద్దల దగ్గర పిల్లలు చేపల వేట, మందుమొక్కలు, బుట్టల అల్లిక, వేట నేర్చుకునేందుకు. పోయింది చేపలు మాత్రమే కాదని ఒప్పించి, ఆ నష్టాన్ని కూడా లెక్కలోకి తెచ్చారు.

మన దగ్గర ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రాలు విశాఖ దగ్గర పరవాడలో, హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉన్నాయి. నిబంధనల ప్రకారం వాటికి అడుగున పొరలుండాలి, ఊరే మురికిని పట్టాలి, చుట్టుపక్కల బోరు నీళ్లను పరీక్షించాలి. మన్యంలో ఏదైనా ఇలాంటిది వస్తే, పీసా చట్టం 1996 నుంచి గ్రామసభకు మాట్లాడే హక్కు ఇచ్చింది. ఆ రోజున అడగాల్సిన ప్రశ్నలు మొహాక్ తల్లులు ముందే అడిగారు. ఏం పూడుస్తారు? ఎన్నేళ్లు ఉంటుంది? నీళ్లను ఎవరు కొలుస్తారు, ఆ లెక్క మా భాషలో మాకు చెబుతారా? మీరు వెళ్లిపోయాక కాపలా ఎవరు?

ఈ ప్రశ్నలను మేము బడి గోడ మీద రాసుకున్నాం. పిల్లలు చదువుతున్నారు. మా గెడ్డలో ఇంకా చేపలున్నాయి. ప్రశ్నలు అడగాల్సింది ఇప్పుడే, చేపలు పోయాక కాదు.