మాతృభాషలో ప్రాథమిక విద్య: ఉత్తరాంధ్ర భాషా అల్పసంఖ్యాక విద్యార్థుల హక్కుల న్యాయచరిత్ర

1. ఉపోద్ఘాతం

మాతృభాషలో విద్య గురించి తెలుగునాట జరిగే చర్చ ఎక్కువగా తెలుగు, ఆంగ్ల మాధ్యమాల మధ్య వివాదంగానే సాగుతున్నది. ఇంటి భాష ఈ రెండూ కాని పిల్లలు ఆ చర్చలో అరుదుగా కనిపిస్తారు. పూర్వపు విశాఖపట్నం జిల్లా మన్యంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలు మాట్లాడే పిల్లల స్థితి ఇదే. భాషా అల్పసంఖ్యాకుల విద్యకు రాజ్యాంగం, న్యాయస్థానాలు కల్పించిన రక్షణ ఈ పిల్లలకు ఎంతవరకు అందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. సరిహద్దులు సృష్టించిన అల్పసంఖ్యాకులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోని జయపురం ప్రాంతం, గంజాం జిల్లాలోని పర్లాకిమిడి పట్టణం అందులో చేరాయి. సరిహద్దుకు ఆవల తెలుగువారు, ఈవల ఒడియావారు అల్పసంఖ్యాకులయ్యారు. రెండు వైపులా ఉన్న ఆదివాసుల భాషలకు మాత్రం ఏ రాష్ట్రమూ సొంతం కాలేదు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాలని అంతకు దశాబ్దాల ముందే పూనుకొన్న గిడుగు రామమూర్తి, ఈ విభజన కారణంగానే పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆయన కృషికి ఆనాడు చట్టబద్ధమైన ఆధారమేదీ లేదు.

3. రాజ్యాంగ రక్షణ, దాని పరిమితి

1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని వేరే మాతృభాష గల పిల్లలుంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది దాని సారాంశం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో పాటు 1956లో వచ్చిన ఏడవ సవరణ 350ఎ, 350బి అధికరణాలను చేర్చింది. మొదటిది భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు, స్థానిక సంస్థలు కృషి చేయాలని చెప్పింది. రెండవది అల్పసంఖ్యాకుల రక్షణలను పరిశీలించే ప్రత్యేకాధికారిని ఏర్పరచింది.

350ఎ అధికరణం ఎనిమిదవ షెడ్యూలు భాషలకే పరిమితం కాదు. కువి కూడా దాని పరిధిలోకి వస్తుంది. అయితే అది ప్రభుత్వానికి కర్తవ్యాన్ని నిర్దేశించిందే గాని, బిడ్డకు హక్కును స్పష్టంగా ప్రకటించలేదు. 1949 నాటి సూత్రం పెద్ద బడిలోని చిన్న సమూహాన్ని ఊహించి రూపొందింది. 25 మంది పిల్లలూ కువి మాట్లాడేవారే అయిన కొండగూడెపు బడి 40 అనే కొలతకు అందదు. తరగతికి 10 మంది లేకపోతే రెండవ కొలతకూ అందదు.

4. న్యాయస్థానాల దృష్టి

భటిండా డి.ఎ.వి. కళాశాల వ్యాజ్యంలో 1971లో సుప్రీంకోర్టు, పంజాబీని ఏకైక బోధనామాధ్యమంగా విధించడం అల్పసంఖ్యాకుల సంస్థల విషయంలో చెల్లదన్నది. అక్కడ గెలిచింది సంస్థ హక్కు. కర్ణాటక భాషావిధానంపై 2014 మే 6న రాజ్యాంగ ధర్మాసనం, మాతృభాష ఏదో, బోధనామాధ్యమం ఏదో నిర్ణయించుకొనే స్వేచ్ఛ బిడ్డ తరఫున తల్లిదండ్రులదని తీర్పు చెప్పింది. ఇక్కడ గెలిచింది ఎంపిక స్వేచ్ఛ. సొంత సంస్థ నడపలేని, వేరే బడి ఎంచుకోలేని గూడెపు కుటుంబానికి ఈ రెండూ ఆచరణలో దూరమే.

అమెరికాలో 1974 నాటి లౌ వర్సెస్ నికొల్స్ తీర్పు మరో మార్గాన్ని చూపింది. ఆంగ్లం రాని చైనా పిల్లలకు అందరితో సమానంగా అవే పుస్తకాలు, అదే ఉపాధ్యాయుణ్ణి ఇచ్చినంత మాత్రాన సమానత్వం సిద్ధించదని అది స్పష్టం చేసింది. ద్విభాషా బోధననే తప్పనిసరి చేయకపోయినా, అది ప్రశ్నను బిడ్డకు పాఠం అర్థమవుతున్నదా అన్న చోటికి తెచ్చింది.

5. ఆంధ్రప్రదేశ్ అనుభవం

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవరలతో కలిపి ఎనిమిది భాషలకు తెలుగు లిపిలో వాచకాలను రూపొందించింది. ఇంటి భాషతో మొదలై క్రమంగా తెలుగులోకి నడిపించే పద్ధతి అది. నిజమైన ద్విభాషా విద్యకు అది సమీపమైనప్పటికీ కార్యనిర్వాహక పథకంగానే నడిచింది.

2019 నవంబరులో వెలువడిన 81, 85 సంఖ్యల ఉత్తర్వులు ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్లమాధ్యమంలోకి మార్చి, తెలుగు లేదా ఉర్దూను తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచదలచాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసింది. రుషికొండ తీరాన తెలుగు మాట్లాడే బిడ్డకు ఆ ఉత్తర్వులు ఇంటి భాష నుండి ఆంగ్లానికి మార్పు. పాడేరు కొండల్లోని కువి బిడ్డకు ఒక పరభాష నుండి మరో పరభాషకు మార్పు. ఉత్తర్వులు నిలిచినా, రద్దయినా అతని ఇంటి భాషకు బడిలో చోటు దక్కదు.

6. ముగింపు

2009 విద్యాహక్కు చట్టంలోని 29(2)(ఎఫ్) కూడా సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలనే అంటుంది. ‘కృషి’, ‘సాధ్యమైనంత’ అన్న మాటల మధ్య బాధ్యత జారిపోతున్నది. సంస్థ హక్కు, తల్లిదండ్రుల ఎంపిక అనే రెండు ఆధారాలపై నిలిచిన న్యాయచరిత్రలో బిడ్డ అవగాహన అనే మూడవ ఆధారం చేరవలసి ఉంది. పిల్లల సంఖ్యతో కొలవకుండా గూడెం భాష ప్రాతిపదికగా ఉపాధ్యాయ నియామకాన్ని నిర్దేశించే రాష్ట్రచట్టం అందుకు తొలిమెట్టు కాగలదు.