పనిని అప్పగించిన పటము



మా జహీరాబాదునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున బీదరు కలదు. ఆ కోటను చూచినవారు పెక్కురు. ఆ ప్రాంతముననే 1815లో ఒక రేఖను గొలుసుతో కొలిచిరని ఎరిగినవారు కొందరే. ఒకరు ఆరంభించిన పనిని మరియొకరు ఎట్లు అందుకొనవలెనో ఆ కొలత తెలుపుచున్నది గనుక, దానిని గూర్చి నేడు మీతో ముచ్చటించెదను.

విలియం లాంబ్టను 1802లో మద్రాసు చెంత సెయింటు థామసు కొండవద్ద ఈ కార్యమునకు పూనుకొనెను. ముందుగా సమతలముపై ఒక రేఖను కొలుతురు. దాని రెండు కొనలనుండి దూరపు కొండను చూచి కోణములు గ్రహింతురు. ఒక భుజమును కోణములును తెలిసినచో తక్కిన భుజములు గణితముచే తేలును. అట్లు తేలిన భుజమే తరువాతి త్రిభుజమునకు ఆధారము. ఈ త్రిభుజముల వరుస 78వ రేఖాంశము వెంబడి ఉత్తరమునకు సాగెను.

1823లో లాంబ్టను హింగన్‌ఘాటులో మరణించెను. 1818లో హైదరాబాదునకు వచ్చి ఆయనకు సహాయకుడైన జార్జి ఎవరెస్టు ఆ భారమును వహించెను. సందేహము వచ్చిన అడుగుటకు పెద్దదిక్కు లేదు. ఇట్టి వేళ లెక్కల పుస్తకములకు త్రిభుజముల పటమే కన్ను. ఏ కొండనుండి ఏ కొండను చూచిరి, ఏ భుజము ఏ రేఖనుండి పుట్టినది, పని ఎచ్చట నిలిచినది అను క్రమము అందు ఒక్క చూపున కానవచ్చును.

తరువాత ఎవరెస్టు పాత పనిని సరిచూడ దలచి, బీదరు చెంతనున్న దామర్‌గిద్ద మొదలు ఉత్తరభాగమును క్రొత్త పరికరములతో మరల కొలిపించెను. 1841లో ఆండ్రూ వా బీదరు రేఖను ఇనుము, ఇత్తడి జతచేసిన బద్దలతో కొలిచెను. సిరోంజినుండి సుమారు 425 మైళ్ల త్రిభుజములగుండా వచ్చిన లెక్కకును, నేలపై కొలతకును, 41,578 అడుగుల రేఖలో భేదము సుమారు 4 అంగుళములు మాత్రమే! 1843లో ఎవరెస్టు విరమింపగా ఆ వాగారే తత్పదవి నందుకొనిరి.

మన పొలముల టిప్పనులును ఈ జాతివే. కొలతరేఖలు గీసిన టిప్పను ఉన్నచోట గట్టు తగవు గొలుసుతో తీరును. లేనిచోట కఱ్ఱలు లేచును. చెరువు మరమ్మతు గాని, సంఘపు లెక్క గాని చేతులు మారునపుడు వట్టి మొత్తమును చెప్పి ఊరకుండరాదు. అది ఎట్లు వచ్చినదో గీసి చూపవలెను. అప్పుడు అందుకొనువాడు అనుమానమున్న చోటనే సరిచూచుకొని, తక్కినదానిని నమ్మి ముందునకు సాగగలడు.