రెండు నిమిషాల పూర్వరంగం: ఫ్రిస్కో విద్యార్థి చిత్రాల వెనుక ఒక పాత విద్య

టెక్సస్ రాష్ట్రంలో డాలస్‌కు ఉత్తరాన, కాలిన్, డెంటన్ కౌంటీల మీదుగా పరచుకొని ఉన్న ఫ్రిస్కో నగరం రైలుపట్టాల పక్కన పుట్టింది. సెయింట్ లూయిస్ - శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేను జనం పొట్టిగా ‘ఫ్రిస్కో’ అనేవారు. ఊరికి ఆ పేరే స్థిరపడింది. 1908లో అది పురపాలక నగరం అయింది. 1990 జనాభా లెక్కల నాటికి అక్కడ ఉన్నది ఆరు వేల పైచిలుకు మనుషులు. 2020 నాటికి ఆ సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈ ముప్పయ్యేళ్ళలో వచ్చి చేరినవారిలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పాఠశాల బస్సు ఎక్కే పిల్లల మాటల్లోనూ, వారాంతాల్లో సినిమాహాళ్ళ ముందు నిలబడే వరుసల్లోనూ తెలుగు వినిపించే ఊరు అది.

ఆ పిల్లలలో కొందరు ఉన్నత పాఠశాలలో దృశ్య శ్రవణ నిర్మాణాన్ని ఒక పాఠ్యాంశంగా ఎంచుకుంటున్నారు. ఫ్రిస్కో పాఠశాలల జిల్లా 2008లో వృత్తి, సాంకేతిక విద్యల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రాన్ని తెరిచింది. టెక్సస్ పాఠ్యప్రణాళిక ఈ విద్యను మూడు దశలుగా విభజించింది: చిత్రీకరణకు ముందు జరిగే పని, చిత్రీకరణ, ఆ తరువాతి పని. రాష్ట్రంలోని పాఠశాలల మధ్య పోటీలు నిర్వహించే యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్ విద్యార్థి చిత్రాలకు కూడా పోటీ పెడుతున్నది. అందులో కథాచిత్రం నిడివి ఏడు నిమిషాలు మించకూడదు. ఏడు నిమిషాల చిత్రంలో మొదటి నిమిషం వృథా అయితే మిగిలిన ఆరు దాన్ని కాపాడలేవు. అందుకే మాధ్యమ విద్యలో ఆరంభ సన్నివేశానికి ప్రత్యేక స్థానం ఏర్పడింది. ఇంగ్లండులో 2008 నుండి అమలైన ఒక మాధ్యమ పాఠ్యప్రణాళికలో విద్యార్థులకు ఇచ్చిన ప్రధాన అభ్యాసమే ఇది: ఒక కొత్త కథాచిత్రానికి పేర్లతో సహా ఆరంభం తీయాలి, అది రెండు నిమిషాలు దాటకూడదు.

ఈ అభ్యాసం ఆధునికమైనదే. దాని వెనుక ఉన్న ప్రశ్న మాత్రం చాలా పాతది. ప్రేక్షకుడిని బయటి లోకం నుండి కథలోకి ఎలా తీసుకురావాలి?

తెర వెనుక తొమ్మిది, తెర ముందు పది

భరతుని నాట్యశాస్త్రం ఐదవ అధ్యాయం మొత్తాన్ని ఈ ప్రశ్నకే కేటాయించింది. నాటకం మొదలుకాకముందు జరిగే కార్యక్రమానికి పూర్వరంగమని పేరు. దానికి పందొమ్మిది అంగాలు. తొమ్మిది తెర వెనుక జరుగుతాయి: వాద్యాలను అమర్చుకోవడం, గాయకులు కూర్చోవడం, శ్రుతి సరిచూసుకోవడం వంటివి. తక్కిన పది తెర తొలగిన తరువాత జరుగుతాయి. నాంది వాటిలో ఒకటి. కథను సూచించి ప్రేక్షకులను ఆకర్షించే ప్రరోచన చివరిది. చిత్రీకరణకు ముందు చేసేది, తరువాత కనిపించేది అని నేటి పాఠ్యప్రణాళిక చేస్తున్న విభజనకు ఇది దూరపు చుట్టం. పూర్వరంగంలో నృత్తగీతాలు అతిగా ఉండకూడదని కూడా భరతుడు హెచ్చరించాడు. ఆరంభంలోనే ప్రయోక్తలు, ప్రేక్షకులు అలసిపోతే ఆ తరువాత రసం పుట్టదన్నది ఆయన చెప్పిన కారణం. రెండు నిమిషాల పరిమితికి ఇంతకంటె మంచి సమర్థన దొరకదు.

తెలుగు రంగస్థలం ఈ సూత్రాన్ని తనదైన పద్ధతిలో అమలు చేసింది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా రంగం మీదికి రాదు. ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా ముందు ఆమె జడ బయటికి వస్తుంది. మనిషి కనబడకముందే ఆమె అభిమానం, అతిశయం ప్రేక్షకుడికి తెలిసిపోతాయి. ప్రవేశ దరువు ఆ తరువాతిది. అంశాన్ని చూపి పూర్ణాన్ని దాచడమనే ఈ ఉపాయాన్ని నేటి చలనచిత్ర పాఠాలు సమీప దృశ్యం పేరుతో బోధిస్తున్నాయి.

కొరత నేర్పిన క్రమశిక్షణ

ముందుగా కాగితం మీద సినిమా తీయడం అనే అలవాటు కొరత నుండి పుట్టింది. 1919లో మాస్కోలో నెలకొన్న చలనచిత్ర పాఠశాలను ప్రపంచంలో మొట్టమొదటి సినిమా విద్యాలయంగా చెబుతారు. అంతర్యుద్ధం నాటి రష్యాలో ముడి ఫిల్ము దొరికేది కాదు. అక్కడ బోధించిన లెవ్ కులెషోవ్ తన విద్యార్థుల చేత ఫిల్ము లేకుండానే సినిమాలు ‘తీయించాడు’. సన్నివేశాన్ని షాట్లుగా విడగొట్టి, రంగస్థలం మీద ఒక్కొక్క ముక్కనూ ప్రదర్శింపజేసేవాడు. కెమెరా లేకపోవడం వలన వారు కెమెరా ఎక్కడ ఉండాలో ఆలోచించడం నేర్చుకున్నారు.

మద్రాసులోనూ ముడి ఫిల్ము ఖరీదైన వస్తువే. ముప్పయ్యైదు మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి తొంభై అడుగులు ఖర్చవుతుంది. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకు అయిపోతుంది. దర్శకుడు కె.వి. రెడ్డి ఈ లెక్కను ఒక శాస్త్రంగా మార్చారు. చిత్రీకరణకు ముందే స్క్రిప్టు అక్షరం పొల్లుపోకుండా సిద్ధమయ్యేది. సన్నివేశాలను నటింపజేసి, స్టాప్‌వాచీతో నిడివి కొలిచి, ఎన్ని అడుగులు పడుతుందో ఆయన ముందే లెక్కగట్టేవారు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ ఆ పద్ధతికి పరాకాష్ఠ. పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం ముందే కుదిరిన ఒక ప్రణాళికలో ఒదిగాయి.

ఆ చిత్రం తొలి భాగంలో వచ్చే ప్రియదర్శిని పేటిక పాత్రల పరిచయానికి ఒక పాఠ్యపుస్తకం. పేటిక తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి రత్నాభరణాలు. కృష్ణుడికి మాత్రం శకుని! ఎవరి స్వభావాన్నీ ఎవరూ వర్ణించరు. ఒక వస్తువును అందరి ముందు ఉంచి, ఎవరేం చూశారో చూపితే చాలు. రాబోయే కథంతా అందులోనే ఉంది.

బాపుది మరొక మార్గం. వృత్తి రీత్యా చిత్రకారుడు, వ్యంగ్యచిత్రకారుడు అయిన ఆయన 1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యారు. సన్నివేశాలను బొమ్మలుగా గీసుకొని, ఆ బొమ్మల ప్రకారం చిత్రీకరించడం ఆయన అలవాటు. వ్యంగ్యచిత్రానికి ఉండే క్రమశిక్షణ, అంటే ఒకే చట్రంలో మనిషి, చోటు, సంఘటన మూడూ తెలియాలన్న నియమం, ఆయన సినిమా చట్రంలోనూ కనిపిస్తుంది.

టెక్సస్ గడ్డ మీద ఇదే దారిలో నడిచిన విద్యార్థి ఒకరున్నారు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో రాబర్ట్ రోడ్రిగెజ్ విద్యార్థి దినపత్రికలో బొమ్మల కథ గీసేవాడు. తన తోబుట్టువులనే నటులుగా పెట్టి 1991లో ‘బెడ్‌హెడ్’ అనే లఘుచిత్రం తీశాడు. ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘ఎల్ మరియాచి’కి ఏడు వేల డాలర్లు ఖర్చయ్యాయి. కొలెస్టరాల్ తగ్గించే ఒక మందు పరీక్షలో స్వచ్ఛందంగా చేరి, నెలరోజుల పాటు ఆ కేంద్రంలోనే ఉండి, అతడు అందులో కొంత డబ్బు సంపాదించాడు. స్క్రిప్టు కూడా అక్కడే రాసుకున్నాడు. తన శరీరాన్ని తాకట్టు పెట్టి కొన్న ఫిల్మును ఎవరూ దుబారా చేయరు. చాలా షాట్లను అతడు ఒక్కసారే తీశాడు. బాపు, రోడ్రిగెజ్‌ల సినిమాల మధ్య పోలిక వెతకడం వ్యర్థం. కాని, ఇద్దరూ కెమెరాను చేతిలోకి తీసుకునే ముందే పెన్సిలుతో చూడటం నేర్చినవారు.

పేర్లు కూడా కథే

చాలాకాలం పేర్ల పట్టిక ఒక లాంఛనం. అమెరికాలో పేర్లు పడుతున్నంతసేపు తెర ముందరి పరదాను మూసి ఉంచే సినిమాహాళ్ళు ఉండేవి. 1955లో ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్’ చిత్రానికి సాల్ బాస్ కత్తిరించిన కాగితపు గీతలతో, వంకర తిరిగిన ఒక చేతి ఆకారంతో పేర్లను రూపొందించినప్పుడు, పేర్లకు ముందే పరదా తీయాలని దర్శకుడు ఆటో ప్రెమింజర్ ప్రొజెక్టరు నడిపేవారికి సూచన పంపవలసి వచ్చింది. మత్తుమందుకు బానిసైన మనిషి కథకు ఆ చేయే ముఖచిత్రం. పేర్లు కూడా కథలో భాగమేనన్న భావన అప్పటినుండి బలపడింది.

తెలుగు సినిమాలో పరదా సమస్య లేదు. అక్కడ పేర్లకు ముందు సంస్థ చిహ్నం ఉండాలి. విజయా వారి కపిధ్వజం ఎగిరితే హాలులో సందడి మొదలయ్యేది. నాంది అలా చిహ్నంగా మారి బతికింది. పూర్వరంగం ఎక్కడికీ పోలేదు, దుస్తులు మార్చుకున్నది.

రెండు నిమిషాల లెక్క

సెకనుకు ఇరవైనాలుగు చట్రాల చొప్పున రెండు నిమిషాలంటే 2880 చట్రాలు. ఫిల్ము రోజుల్లో అయితే నూట ఎనభై అడుగులు. షాటుకు సగటున ఎనిమిది సెకన్లు అనుకుంటే పదిహేను షాట్లు. ఫ్రిస్కోలో ఒక విద్యార్థిని, అమ్మమ్మ ఇండియా నుండి వచ్చిన మొదటి ఉదయం గురించి చిత్రం తీయదలచిందని ఊహిద్దాం. తొలి ఆలోచన విమానాశ్రయం, పెట్టెలు, కౌగిలింతలు. అది అందరికీ వచ్చే ఆలోచన. విమానాశ్రయంలో చిత్రీకరణకు అనుమతి దొరకడం కష్టం. అంతకంటె ముఖ్యంగా, అక్కడ అమ్మమ్మ కూడా అందరు ప్రయాణికులలో ఒకరు.

రెండవ ఆలోచన ఇంటిలో ఉంది. చీకటి తెర మీద ముందుగా ఆవాలు చిటపటలాడే శబ్దం. తరువాత పోపుగరిట, అందులో ఎర్రబారుతున్న ఎండుమిరపకాయ. పైకి లేచిన పొగ. ఉన్నట్టుండి పైకప్పు మీది పొగ హెచ్చరిక యంత్రం కీచుమంటుంది. కొంగుతో పైకి విసురుతున్న ఒక ముడతలు పడ్డ చేయి. ముఖం ఇంకా కనబడదు. తండ్రి పరుగున వచ్చి కిటికీ తెరుస్తాడు. తల్లి ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని కిటికీ లోంచి చూస్తుంది. మనవరాలు ఫోను తీసి రికార్డు చేస్తుంది. అప్పుడు, ఆ ఫోను తెర మీద, మొదటిసారిగా అమ్మమ్మ ముఖం.

ఒకే శబ్దానికి నలుగురు నాలుగు విధాలుగా స్పందించారు. ప్రియదర్శిని పేటిక చేసిన పనిని ఇక్కడ ఇరవై డాలర్ల యంత్రం చేసింది. కొంగు విసిరిన చేయి సత్యభామ జడ చేసిన పని చేసింది.

ఇక మిగిలినది శ్రమ. పదిహేను బొమ్మలు గీయాలి; గీతలు వంకరగా ఉన్నా నష్టం లేదు, కెమెరా ఎవరి వైపు ఉందో తెలిస్తే చాలు. అమ్మమ్మకూ యంత్రానికీ మధ్య ఒక ఊహారేఖ గీసి, కెమెరాను దానికి ఒక పక్కనే ఉంచాలి. లేకపోతే ఆమె చూపు దిక్కు మారిపోతుంది. వంటింటి కిటికీ వెలుగు గంటగంటకూ మారుతుంది కనుక, కథలో వెనుక వచ్చే షాట్లయినా సరే, ఒకే వెలుగులో ఉన్నవాటిని ఒకేసారి తీయాలి. స్టీలు గిన్నెలో కెమెరా ప్రతిబింబం పడకుండా చూడాలి. యంత్రం మోతను, ఆవాల చప్పుడును వేరువేరుగా రికార్డు చేసి కూర్పులో కలపాలి. ఎవరూ మాట్లాడని ఖాళీ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసి ఉంచుకోవాలి. షాటుకూ షాటుకూ మధ్య అతుకు వినబడకుండా చేసేది అదే. పాత సినిమా పాటను వెనుక వినిపించాలన్న కోరిక కలుగుతుంది. హక్కులు లేకుండా పోటీకి పంపడానికి వీలులేదు. అరువు తెచ్చిన భావోద్వేగం లేకుండా సన్నివేశం తన కాళ్ళ మీద నిలబడవలసి ఉంటుంది. అది శిక్షలా కనిపించే శిక్షణ.

అందని వారసత్వం

నేడు ఫోనులో గంటల కొద్దీ చిత్రీకరించవచ్చు. అడుగుల లెక్క, చుట్ట ఖరీదు మాయమయ్యాయి. కులెషోవ్‌కూ కె.వి. రెడ్డికీ పరిస్థితులు విధించిన పరిమితిని ఉపాధ్యాయుడు ఇప్పుడు నియమంగా విధించవలసి వస్తున్నది. రెండు నిమిషాల అభ్యాసానికి అర్థం అదే: కొరత పోయినా, అది నేర్పిన చూపు పోకుండా చూసుకోవడం.

అయితే ఆ చూపు ఎవరి నుండి వచ్చిందని విద్యార్థికి చెబుతున్నామన్నది వేరే ప్రశ్న. సాల్ బాస్ గురించి ఆంగ్లంలో పుస్తకాలున్నాయి, ఆయన పేర్ల పట్టికలు తరగతి గదులలో ప్రదర్శింపబడుతున్నాయి. బాపు స్టోరీబోర్డులు, కె.వి. రెడ్డి నిడివి లెక్కలు ఆ తరగతి గదికి చేరలేదు. లోపం టెక్సస్ ఉపాధ్యాయులది కాదు. మొదటి తెలుగు టాకీ, 1932 ఫిబ్రవరి 6న విడుదలైన హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యం కావడం లేదు. తెలుగువారు తెర మీద తమ భాషను విన్న మొట్టమొదటి క్షణం ఎలా ఉండేదో చూసే అవకాశం ఏ తెలుగు విద్యార్థికీ లేదు. ఒక జాతి సినిమా చరిత్రకు ఆరంభ సన్నివేశమే తెగిపోయింది.

మిగిలినవాటినైనా నిలుపుకోవడం అసాధ్యం కాదు. పాత చిత్రాల స్క్రిప్టులను, బొమ్మలను, నిర్మాణపు లెక్కపుస్తకాలను స్కాను చేసి, ఆంగ్ల వ్యాఖ్యతో విద్యార్థులకు అందుబాటులో ఉంచడానికి కావలసిన సాంకేతిక నైపుణ్యం, ఆర్థిక శక్తి ఫ్రిస్కో వంటి ఊళ్ళలోని తెలుగు వృత్తినిపుణుల చేతిలో పుష్కలంగా ఉన్నాయి. కొత్త సినిమా మొదటి రోజు మొదటి ఆటకు వెచ్చించే ఉత్సాహంలో కొంత చాలు. అప్పుడు వంటింటి పొగలోంచి అమ్మమ్మ ముఖాన్ని చూపాలనుకున్న పిల్లకు, ఆ ఉపాయం తన భాషలో ఎప్పటినుండో ఉన్నదని తెలుస్తుంది. అది తెలిసిన పిల్ల తన చిత్రాన్ని మరింత ధైర్యంగా తీస్తుంది.