పరాయి గ్యాలరీలో వినిపించిన హోరు: తెలుగు ఫుట్‌బాల్ అభిమానుల చరిత్ర – ఆధారాల సమస్య

ప్రవేశిక

క్రీడాచరిత్ర రచనలో ఆటగాడికి, జట్టుకు, పోటీకి తగిన స్థానం లభించింది. చూసేవాడికి లభించలేదు. గోలు ఎవరు కొట్టారు, ఏ నిమిషంలో కొట్టారు అన్నది పత్రికల్లో, పట్టికల్లో నిలుస్తుంది. ఆ గోలు పడినప్పుడు వేల గొంతుల్లోంచి వెలువడిన శబ్దానికి అటువంటి నిలకడ లేదు. నిర్ణీత సమయం ముగిసి, ఫలితం తేలక, ఆట అదనపు సమయంలోకి వెళ్ళినప్పుడు పుట్టే ఉద్వేగం విషయంలో ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు ప్రాంతపు ఫుట్‌బాల్‌కు సంబంధించి దీనికి ఇంకొక చిక్కు తోడైంది. ఇక్కడి జట్ల, ఇక్కడి శిక్షకుల గొప్ప విజయాల్లో ఎక్కువ భాగం ఇతరుల ఊళ్ళలో, ఇతరుల జనం మధ్య జరిగాయి. కాబట్టి గెలిచినవారి అభిమానులను వెదకవలసింది గెలుపు జరిగిన చోట కాదు.

మంచు హాకీతో పోలిక ఈ తేడాను విశదం చేస్తుంది. ఉత్తర అమెరికా మంచు హాకీ ప్లేఆఫ్ పోటీల్లో సమం అయిన ఆటను అదనపు సమయంలో పడే ఒకే ఒక గోలు ముగిస్తుంది. బదులు తీర్చుకునే అవకాశం ఎదుటి జట్టుకు ఉండదు. 1970 మే 10న స్టాన్లీ కప్ ఫైనల్ అదనపు సమయంలో, నలభై సెకన్లకే, బాస్టన్ ఆటగాడు బాబీ ఆర్ సెయింట్ లూయిస్ జట్టుపై గోలు కొట్టి గాలిలోకి ఎగిరిన ఛాయాచిత్రం ఆ క్రీడలో అత్యంత ప్రసిద్ధమైనది. ఆట బాస్టన్‌లో, బాస్టన్ జనం ఎదుటే జరిగింది. నలభై ఏళ్ళకు, 2010లో, అదే భంగిమలో ఆ ఆటగాడి విగ్రహాన్ని ఆ నగరంలోనే నిలబెట్టారు. గోలు, దాన్ని చూసిన జనం, దాన్ని గుర్తుపెట్టుకున్న ఊరు మూడూ ఒక్కచోటే ఉన్నాయి. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఈ మూడూ ఒక్కచోట కుదిరిన సందర్భాలు అరుదు.

బొంబాయి నుంచి జకార్తా వరకు

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆ పోటీ జరిగేది బొంబాయిలో. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ అందుకున్నది ఢిల్లీలో. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత జట్టు ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందినది 1956లో, మెల్‌బోర్న్‌లో. నిజాం నగరపు గల్లీల్లో, కంటోన్మెంటు మైదానాల్లో నేర్చిన ఆట ఫలించింది దూరదేశాల్లో. సొంత జనానికి అది మరునాటి పత్రికగానో రేడియో వార్తగానో అందింది.

వీటన్నిటిలో 1962 నాటి జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్ ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండొనేషియా ప్రభుత్వం ప్రవేశం నిరాకరించింది. దీనిపై భారత క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో స్థానికుల ఆగ్రహం భారత బృందం మీదికి మళ్ళింది. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్ ఆడినప్పుడు కిక్కిరిసిన స్టేడియం దాదాపు మొత్తం భారత జట్టుకు ఎదురుతిరిగి గేలి చేసింది. పి.కె. బెనర్జీ, తలకు గాయమై కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్ చెరొక గోలు సాధించగా భారత్ 2–1తో గెలిచింది. ఆ హోరులో తమ పక్షాన వినిపించిన కొద్ది గొంతులు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళవని నాటి క్రీడాకారులు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. మర్నాటి పట్టికలో ఫలితం మాత్రమే మిగిలింది. గేలిచేసిన లక్షమంది, చప్పట్లు కొట్టిన గుప్పెడుమంది ఆటగాళ్ళ నోటిమాటలో బతికారు. రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో కాన్సర్‌తో మరణించారు. ఆ స్వర్ణపతకం తరువాత భారత ఫుట్‌బాల్‌కు మరొక ఏషియన్ గేమ్స్ స్వర్ణం రాలేదు.

ఫతోర్డా, 2022 మార్చి 20

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఏర్పడింది. మూతపడిన పుణె క్లబ్బు స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చి, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో తొలి సీజన్ ఆడి, పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ తరువాతి రెండు సీజన్లు కరోనా కారణంగా పూర్తిగా గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానాల్లో జరిగాయి. అంటే స్పెయిన్ దేశస్థుడైన శిక్షకుడు మనోలో మార్కెజ్ చేతిలో ఈ జట్టు పట్టిక అడుగు నుంచి రెండో స్థానానికి ఎదిగిన కాలమంతా హైదరాబాద్ ప్రేక్షకుడు దాన్ని కళ్ళారా చూడలేదు. సొంత మైదానంలో చూసింది ఓడిపోయే జట్టును. గెలిచే జట్టును తెర మీదే చూశాడు. 'డెక్కన్ లీజియన్' పేరుతో సంఘటితమైన అభిమానులు కూడా ఆ రెండేళ్ళూ ఇళ్ళకే పరిమితమయ్యారు.

ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించారు. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్. 2014, 2016 సంవత్సరాల్లో రెండు ఫైనళ్ళు ఓడిన జట్టది. దాని అభిమాన సంఘం పేరు 'మంజప్పడ', అనగా పసుపు దండు. కేరళ నుంచి రైళ్ళలో, బస్సుల్లో, బైకుల మీద వేలమంది గోవాకు తరలివచ్చారు. మలప్పురం నుంచి బైకు మీద బయలుదేరిన ఇద్దరు యువకులు దారిలో కాసరగోడ్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో మరణించారు. ఆ రాత్రి గ్యాలరీల్లో నిండినది ప్రధానంగా వారి ఊళ్ళవారే.

ఇక్కడ భావి చరిత్రకారుడిని తికమక పెట్టే అంశం ఒకటి ఉంది. రెండు జట్లదీ పసుపు రంగే. లీగ్ పట్టికలో పైస్థానంలో ఉన్నందున పసుపు చొక్కా హైదరాబాద్‌కు దక్కింది. కేరళ ఆటగాళ్ళు నల్ల చొక్కాలతో దిగారు. అభిమానులు మాత్రం పసుపులోనే రావాలని వారి శిక్షకుడు ఇవాన్ వుకొమనోవిచ్ కోరారు. పరిచయ వాక్యం చెరిగిపోయిన ఒక ఛాయాచిత్రం యాభై ఏళ్ళ తరువాత ఎవరికైనా దొరికితే, మైదానంలో పసుపు చొక్కాల విజేతలు, వెనుక పసుపు సముద్రం కనిపిస్తాయి. సొంత జనం మధ్య సొంత జట్టు గెలిచిందని నమ్మడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు. అది పూర్తిగా తప్పు. ఛాయాచిత్రం అబద్ధమాడదన్న నానుడి క్రీడాచరిత్రలో చెల్లదు.

68వ నిమిషంలో రాహుల్ కె.పి. కొట్టిన బంతి హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతిని తాకి వలలో పడింది. గ్యాలరీ ఊగిపోయింది. ఆట ముగియడానికి రెండు నిమిషాలుండగా, బదులు ఆటగాడిగా దిగిన సాహిల్ తవోరా పెనాల్టీ పెట్టె వెలుపలి నుంచి గాలిలోనే అందుకొని కొట్టిన బంతి గోలైంది. ఆ నిమిషంలో స్టేడియం నిశ్శబ్దమైంది. ఈ వ్యాసానికి కేంద్రం ఆ నిశ్శబ్దమే. హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో జకార్తా తరువాత అంతటి ఉత్కంఠభరితమైన గోలుకు మైదానంలో లభించిన స్పందన మౌనం. కేరింత పుట్టింది వందల మైళ్ళ అవతల గదుల్లో, టీవీల ముందు, ఫోన్ తెరల ముందు. దాన్ని ఏ విలేకరీ వినలేదు. ఏ మైకూ పట్టుకోలేదు.

అదనపు సమయం అరగంటలో గోలు పడలేదు. మొదటి గోలుతోనే ఆట ముగించే 'గోల్డెన్ గోల్' నియమాన్ని ఫుట్‌బాల్ కొన్నాళ్ళు పాటించి 2004లో వదులుకుంది. కాబట్టి మంచు హాకీలో ఒక్క దెబ్బతో తేలే ఉత్కంఠ ఇక్కడ పెనాల్టీ షూటౌట్‌కు వాయిదా పడుతుంది. కట్టిమణి మార్కో లెస్కోవిచ్ బంతిని ఆపాడు. నిషు కుమార్ బంతిని ఆపితే, గీత దాటి ముందుకు కదిలాడని రిఫరీ మళ్ళీ కొట్టించారు, రెండోసారీ ఆపాడు. జీక్సన్ సింగ్ బంతినీ ఆపాడు. హాలిచరణ్ నర్జారీ కొట్టిన గోలుతో హైదరాబాద్ 3–1తో విజేత అయింది. గంట క్రితం చేతికి తగిలిన బంతిని వదిలిన గోల్‌కీపరే మూడు పెనాల్టీలు ఆపాడన్నది పత్రికలకు దొరికిన కథ. తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవావారు, నర్జారీ అస్సాంవాడు. గోలు కొట్టినవారిలో గాని ఆపినవారిలో గాని తెలుగు నేలవాడు లేడు. సిటీ పోలీసు కాలంతో పోల్చినప్పుడు అభిమానానికి ఆధారం మారిందనడానికి ఇది గట్టి నిదర్శనం. ఆనాడు పక్క వీధి కుర్రవాడి కోసం చప్పట్లు కొట్టేవారు. ఈనాడు చొక్కా మీది ఊరిపేరు కోసం కొడుతున్నారు. ఈ మార్పును క్షీణతగా చూపే ధోరణి వ్యాసకర్తల్లో కనిపిస్తుంది గాని, ఊరిపేరు కోసం పడే ఆరాటం తక్కువ నిజమైనదని నిరూపించడం కష్టం.

మెట్‌పల్లి వైపు నుంచి

హైదరాబాద్ ప్రేక్షకుడే దూరస్థుడైనప్పుడు, అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెట్‌పల్లి వంటి పట్టణం స్థానమేమిటి? ఖాదీకి, పసుపు మార్కెట్టుకు పేరొందిన ఈ ఊళ్ళో, పక్కనున్న కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో ఆటంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. మండల స్థాయి పోటీ ఫలితం జిల్లా పేజీలో వస్తుంది. బడి మైదానం చుట్టూ నిలబడి ఈలలు వేసిన జనం రారు. ఆధారాల లోటు కింది స్థాయికి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది.

అయితే ఈ ప్రాంతానికి ప్రపంచ ఫుట్‌బాల్‌తో వేరొక దారిలో, బరువైన సంబంధం ఉంది. దశాబ్దాలుగా ఇక్కడి మగవారు గల్ఫ్ దేశాలకు కూలికి వెళుతున్నారు. మస్కట్ వెళ్ళినా, దోహా వెళ్ళినా ఊరివాళ్ళ మాటలో అతడు 'దుబాయి పోయిండు'. ఇంటిదగ్గర ఆడవారు బీడీలు చుడుతూ, పంపే డబ్బు కోసం, ఫోను కోసం చూస్తారు. 2022 ప్రపంచ కప్ కోసం ఖతర్‌లో స్టేడియాలు, రోడ్లు, మెట్రో నిర్మించిన లక్షలాది దక్షిణాసియా కార్మికుల్లో ఉత్తర తెలంగాణవారూ ఉన్నారు. పోటీలు ఆ దేశానికి కేటాయించిన 2010 తరువాత పదేళ్ళలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక దేశాలకు చెందిన 6,500 మందికి పైగా వలసజీవులు ఖతర్‌లో మరణించారని 'ది గార్డియన్' పత్రిక 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ సంఖ్యలో అన్ని వృత్తులవారూ, అన్ని కారణాల మరణాలూ ఉన్నాయి. స్టేడియం పనికే దాన్ని ముడిపెట్టడం సరికాదు. కానీ శవపేటిక కోసం శంషాబాద్ విమానాశ్రయంలో ఎదురుచూసిన కుటుంబాలకు ఆ గణాంక వివాదంతో పని లేదు.

పోటీలు మొదలయ్యే ముందు దోహా వీధుల్లో అర్జెంటీనా, ఇంగ్లండ్, బ్రెజిల్ చొక్కాలతో డప్పులు మోగిస్తూ ఊరేగినవారిని చూసి, వీరు డబ్బుకు తెచ్చిన 'నకిలీ అభిమానులు' అని కొన్ని విదేశీ మాధ్యమాలు అనుమానించాయి. వారిలో అధికులు కేరళీయులు. చిన్ననాటి నుంచి ఆ జట్లను కొలిచినవారమని వారు బదులిచ్చారు. ఎనిమిది నెలల ముందు ఫతోర్డాలో నిండిన జనాన్ని చూసినవారెవరూ ఆ మాటను శంకించరు. అభిమానికి ముఖం ఇలా ఉండాలి, పాస్‌పోర్టు ఇది కావాలి అన్న ముందస్తు నిర్ణయమే ఆ అనుమానానికి మూలం. దూరస్థ ప్రేక్షకుడి ఉద్వేగాన్ని రెండో తరగతిగా లెక్కించే అలవాటు అది.

టిక్కెట్టు కొనలేని కార్మికుల కోసం నగరం అంచున ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో పెద్ద తెర ఏర్పాటు చేశారు. డిసెంబరు 18న లుసైల్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ 2–2తో అదనపు సమయంలోకి వెళ్ళింది. 108వ నిమిషంలో మెస్సీ, 118వ నిమిషంలో ఎంబాపె గోళ్ళు సాధించారు. చివరకు పెనాల్టీల్లో అర్జెంటీనా 4–2తో గెలిచింది. లుసైల్ లోపలి గ్యాలరీ హోరు ప్రపంచమంతా విన్నది. దాని కాంక్రీటు పోసినవారిలో అనేకులు ఆ హోరును తెర మీదే విన్నారు. జకార్తా, ఫతోర్డా, లుసైల్ – మూడు చోట్లా ఫలితంతో అత్యంత సన్నిహితమైన బంధం ఉన్నవారిలో కొందరు గోడకు అవతలే ఉన్నారు. వారి వాంగ్మూలాలు సేకరించదలిస్తే చోటు దొరకకపోదు. ఖతర్ నుంచి తిరిగివచ్చినవారు మెట్‌పల్లి, కోరుట్ల పరిసరాల్లోనే ఉన్నారు. వలస మీద సాగిన పరిశోధనలు వారిని జీతం గురించి, అప్పు గురించి, ఏజెంటు గురించి అడుగుతాయి, అడగాలి కూడా. ఆ రాత్రి ఏ జట్టు కోసం అరిచారన్నది కూడా అడగదగిన ప్రశ్నే.

క్లబ్బు తరువాత

హైదరాబాద్ ఎఫ్‌సీ 2022–23లో చివరకు సొంత ప్రేక్షకుల ఎదుట ఆడి మళ్ళీ రెండో స్థానం పొందింది. సెమీఫైనల్‌లో రెండు ఆటలూ గోళ్ళు లేకుండా ముగిశాక కోల్‌కతాలో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లోనే ఓడింది. తరువాత ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి; ప్రధాన ఆటగాళ్ళు వెళ్ళిపోయారు; 2023–24లో 22 ఆటల్లో ఒక్కటే గెలిచి జట్టు మళ్ళీ అట్టడుగుకు చేరింది. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ'గా పేరు మార్చుకుంది. ఇక ఫతోర్డా గోలు ఏ ఊరి జ్ఞాపకమన్నది వ్యాజ్యానికి నిలిచే ప్రశ్న కాదు గాని, చరిత్రకారుడికి తప్పనిది. క్లబ్బు యాజమాన్య హక్కులు ఢిల్లీకి వెళ్ళాయి. గోలు కొట్టినవాడిది గోవా, మౌనం వహించిన జనానిది కేరళ. ఆ మౌనాన్ని తెర మీద విని ఇంట్లో లేచి అరిచినవారు తెలంగాణలో ఉన్నారు. లీగ్ విజేతల పట్టికలో 2021–22 ఎదుట ఇప్పటికీ హైదరాబాద్ పేరే అచ్చవుతోంది.